చిన్న గ్లాసు కాఫీ, పెద్ద చరిత్ర

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. పింఛను సవరణల మీద, వైద్య బిల్లుల మీద నాకంటే సాధికారంగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఆ జోలికి పోకుండా, మనలో ప్రతి ఒక్కరికీ రోజూ తెల్లవారగానే అవసరపడే వస్తువు గురించి నాలుగు మాటలు రాయదలచుకున్నాను. అది కాఫీ. అందులోనూ మనం దవరా గ్లాసులో తాగే నిండు కాఫీ కాదు. చిక్కటి డికాషను కొద్దిగా, పాలు కొద్దిగా కలిపి, అరచేతిలో ఇమిడే చిన్న గ్లాసులో తాగే ఎస్ప్రెస్సో జాతి కాఫీ. డెబ్బయి దాటిన వయసులో ఇదేం పిచ్చి అని మిత్రులు నవ్వవచ్చు. ఎందుకు పట్టుకుందో చివరికి మనవి చేస్తాను.

పెళ్ళిళ్ళలో ఎస్ప్రెస్సో

ఎస్ప్రెస్సో అనే మాట మన తరానికి కొత్తది కాదు. 1980లలో, 90లలో మన పెళ్ళిళ్ళలో భోజనాల పందిరి పక్కన ఒక స్టీలు బాయిలరు, దానికో గొట్టం, పక్కనే ఓ కుర్రవాడు ఉండేవారు. కప్పు అడుగున ఇన్‌స్టెంట్ కాఫీ పొడి, చక్కెర వేసి గిలక్కొట్టి, పాలు పోసి, ఆవిరి గొట్టం అందులో ముంచితే 'బుస్స్' మని పెద్ద చప్పుడయ్యేది. కప్పు నిండా నురగ, పైన చిటికెడు చాకొలెట్ పొడి. పిల్లలంతా దాని చుట్టూనే మూగేవారు. ఎస్ప్రెస్సో అంటే నురగ అనే నేను చాలా ఏళ్ళు నమ్మాను.

2018లో మా అబ్బాయి దగ్గర మెల్బోర్న్‌లో ఆరు నెలలున్నప్పుడు ఆ నమ్మకం పోయింది. వాడితో పాటు ఒక కాఫీ హోటలుకి వెళ్ళి, పెద్దమనిషి తరహాగా 'ఎస్ప్రెస్సో' అన్నాను. ఆ అమ్మాయి ఒక బుల్లి పింగాణీ కప్పు తెచ్చి నా ముందు పెట్టింది. అడుగున రెండు గుటకల నల్లటి ద్రవం, పైన తేనెరంగు పొర. పాలు లేవు, చక్కెర లేదు. ఒక్క గుటక వేసేసరికి నా మొహం చూసి మా అబ్బాయి నవ్వాపుకోలేక, "నాన్నా, మీకు కావలసింది ఇది కాదు" అని మరొకటి తెప్పించాడు. దాని పేరు పికోలో. చిన్న గాజు గ్లాసులో అదే నల్లటి కాఫీ, దాని మీద సన్నటి నురగతో వేడి పాలు. మొత్తం కలిపి వంద మిల్లీలీటర్లు కూడా ఉండదు. తాగాక నాకు అనిపించిన మాట ఒక్కటే. ఇది మన వన్ బై టూ!

మా ఆఫీసు క్యాంటీనులో పదకొండు గంటలకు నేనూ, నా పక్క సీటు మిత్రుడూ ఇరవై రెండేళ్ళ పాటు రోజూ ఒక కాఫీని రెండు చేసుకు తాగాం. డబ్బు లేక కాదు. ఆ సగం గ్లాసు కాఫీ చల్లారకుండా చివరి గుటక దాకా వేడిగా ఉండేది. చిన్న కాఫీలో ఉన్న సుఖం అదే. దానిని వెతుక్కుంటూ పోతే నాకు దొరికిన చరిత్ర ఇది.

ఆవిరి యంత్రం రోజులు

యూరపులో రైళ్ళు, ఆవిరి యంత్రాలు జోరుగా నడుస్తున్న రోజుల్లో, కాఫీ దిగేదాకా ఐదు నిమిషాలు కూర్చునే ఓపిక లేనివారి కోసం పుట్టింది ఎస్ప్రెస్సో. ఇటలీలోని టూరిన్ నగరంలో ఏంజెలో మొరియోండో అనే ఆయన 1884లో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ ఏడాది టూరిన్ ప్రదర్శనలో దానిని పెట్టాడు. అయితే అది ఒకేసారి చాలామందికి కాఫీ తీసే పెద్ద యంత్రం. 1901లో మిలాన్ నగరానికి చెందిన లూయిజీ బెజ్జెరా ఒక్కొక్క కప్పుకు విడివిడిగా కాఫీ తీసే యంత్రం రూపొందించాడు. డెసిడెరియో పవోనీ ఆ పేటెంటు హక్కులు కొని వ్యాపారంగా మార్చాడు. 1906లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో 'కాఫే ఎస్ప్రెస్సో' అన్న పేరు జనం నోట్లో పడింది. ఆ మాటలో వేగం అనే అర్థమూ ఉంది, అడిగినవారికి అప్పటికప్పుడు ప్రత్యేకంగా చేసి ఇచ్చేదనే అర్థమూ ఉంది.

ఆనాటి యంత్రాల్లో ఒక లోపం ఉండేది. ఆవిరి ఒత్తిడి గాలి ఒత్తిడికి ఒకటిన్నర, రెండింతలకు మించేది కాదు. ఆ కాస్త ఒత్తిడి రావాలన్నా నీరు మరుగు దాటి కాగాలి. అందువల్ల కాఫీ మాడు వాసన వేసేది. పైన పొర కూడా వచ్చేది కాదు. దీనిని సరిచేసినవాడు మిలాన్‌లోనే కాఫీ బారు నడిపిన అకిల్లె గాజియా. 1938లో మొదటి పేటెంటు తీసుకున్నాడు. యుద్ధం అయిపోయాక 1947, 48ల్లో స్ప్రింగు, పెద్ద చేతి పిడి ఉన్న యంత్రం తెచ్చాడు. పిడి కిందికి లాగి వదిలితే స్ప్రింగు పిస్టనును తోస్తుంది. మరీ మరిగిపోని వేడినీరు దాదాపు తొమ్మిదింతల ఒత్తిడితో కాఫీ పొడిలోంచి దూసుకుపోతుంది. అప్పుడు వేయించిన గింజలో దాగిన బొగ్గుపులుసు వాయువు నూనెతో కలిసి పైన తేనెరంగు పొరగా తేలింది. జనం మొదట అదేమిటని అనుమానించారట. గాజియా దానికి 'క్రెమా' అని పేరు పెట్టి, అదే తన సరుకు గొప్పదనమని ప్రచారం చేసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎస్ప్రెస్సో కప్పు అంత చిన్నదిగా ఉండటానికి కారణం ఆ పిస్టను గదే. అందులో పట్టే నీరే అంత. 1961లో ఫాయెమా కంపెనీ ఇ-61 అనే యంత్రంలో పిడి బదులు విద్యుత్ పంపు పెట్టింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇటలీలో కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణం గుర్తుగా యంత్రానికి ఆ పేరు వచ్చింది. పంపు వచ్చాక ఎంత నీరైనా పంపవచ్చు. అయినా కొలత మారలేదు. సుమారు ఏడు గ్రాముల పొడి, పాతిక మిల్లీలీటర్ల కాఫీ, పాతిక సెకండ్ల కాలం. ఇటలీవారు ఈనాటికీ దీన్నే ప్రమాణంగా చెప్పుకుంటారు.

పాలు కలిసిన దారి

పాలు ఎస్ప్రెస్సో కంటే ముందే కాఫీలో కలిశాయి. వియన్నా నగరంలో కాపుసినర్ అనే కాఫీ ఉండేది. కాపుచిన్ సన్యాసుల గోధుమరంగు అంగీని పోలిన రంగు వచ్చేదాకా పాలో మీగడో కలిపేవారు గనుక ఆ పేరు. ఆ మాటే ఇటలీకి వచ్చి కపుచినో అయింది. ఎస్ప్రెస్సో యంత్రాల్లో ఆవిరి ఎలాగూ ఉంది గనుక, ఆ ఆవిరితోనే పాలను నురగెత్తించడం మొదలైంది.

చిన్న పాల కాఫీకి ఒక్కో ఊరు ఒక్కో పేరు పెట్టుకుంది. ఇటలీలో మకియాటో అంటారు. మరక పడిందని దాని అర్థం. నల్లటి కాఫీ మీద ఒక చెంచాడు పాల మరక. స్పెయిన్‌లో కోర్తాదో అంటారు. కోసినది అని అర్థం. కాఫీ ఎంతో పాలూ దాదాపు అంతే పోసి దాని ఘాటును కోస్తారు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో దీనిని గరోతో, అంటే కుర్రకుంక అంటారు. ఇటలీ రేవుపట్నం ట్రియెస్ట్‌లో 'కాపో ఇన్ బి' అని అడిగితే చిన్న గాజు గ్లాసులో బుల్లి కపుచినో ఇస్తారు. యుద్ధానంతరం వలస వెళ్ళిన ఇటలీవాళ్ళు ఆస్ట్రేలియాకు ఈ అలవాటును తీసుకుపోయారు. మెల్బోర్న్ బర్క్ వీధిలో పెల్లెగ్రీనీ బారు 1954లో తెరిచారు. ఫ్లాట్ వైట్ అనే పాల కాఫీ మాదంటే మాదని ఆస్ట్రేలియా, న్యూజిలాండు వాళ్ళు 1980ల నాటి సంగతి మీద ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మన పూతరేకుల మీద, కాజాల మీద ఊళ్ళ మధ్య జరిగే వాదనలు నాకు గుర్తుకొచ్చాయి.

వంటింట్లోకి

ఇంతవరకూ చెప్పినదంతా బయటి కాఫీ. అదీ ఎక్కువగా మగవాళ్ళు నిలబడి తాగే బార్లలోది. ఇంట్లో సంగతేమిటి? నేపుల్స్ ఇళ్ళలో నాపొలెతానా అనే తిరగేసే పాత్ర వాడేవారు. 1819లో మోరీజ్ అనే ఫ్రెంచివాడు కనిపెట్టినది. నీళ్ళు కాగాక పాత్రను తలకిందులు చేస్తే డికాషను చుక్కచుక్కగా కిందికి దిగుతుంది. అంటే మన ఫిల్టరుకు దాయాది.

1933లో ఆ పద్ధతి తలకిందులైంది. పీడ్‌మాంట్ ప్రాంతంలోని క్రుసినాల్లో అనే ఊళ్ళో అల్యూమినియం కార్ఖానా నడిపే అల్ఫోన్సో బియలెట్టి 'మోకా ఎక్స్‌ప్రెస్' అనే ఎనిమిది పలకల పాత్ర తెచ్చాడు. కింద నీళ్ళు, మధ్యలో జల్లెడ గిన్నెలో పొడి, పైన ఖాళీ గిన్నె. కింది నీళ్ళు కాగి ఆవిరి పుట్టగానే, ఆ ఒత్తిడికి వేడినీరు పొడిగుండా పైకెక్కి కాఫీగా మారుతుంది. మన ఫిల్టరులో దిగే డికాషను ఇందులో ఎక్కుతుంది. తేడా అంతే. ఒత్తిడి తక్కువ గనుక క్రెమా రాదు. కచ్చితంగా చెప్పాలంటే ఇది ఎస్ప్రెస్సో కాదు. కానీ పాలు కలిపాక ఆ తేడా పట్టించుకునేవాళ్ళు తక్కువ.

అల్ఫోన్సో దానిని చుట్టుపక్కల సంతల్లోనే అమ్ముకున్నాడు. యుద్ధం తరువాత కొడుకు రెనాటో పగ్గాలు పట్టి, మీసాల మనిషి బొమ్మ ముద్రతో టెలివిజన్‌లో ప్రచారం చేసి, ఇటలీలో మోకా లేని ఇల్లు లేదన్నంతగా వ్యాపింపజేశాడు. ఆయన 2016లో చనిపోయినప్పుడు అస్థికలను పెద్ద మోకా పాత్రలోనే ఉంచి అంత్యక్రియలు జరిపారు. చేసిన పని మీద అంత మమకారం ఉన్నవాళ్ళు మన ఉద్యోగాల్లో ఎందరో నేను చెప్పలేను.

తరువాత ఇంటి యంత్రాలు చాలా వచ్చాయి. 1960ల నుంచి పవోనీవారి చిన్న పిడి యంత్రం, 1977లో గాజియావారి 'బేబీ', 1986లో నెస్లే సంస్థ పొడిని బిళ్ళల్లో నింపి అమ్మిన నెస్ప్రెస్సో. వాటి ధరలు మన పింఛనుకు కాస్త బరువే. మోకా పాత్ర మాత్రం మంచి ప్రెషర్ కుక్కరు కొనగలిగినవారెవరైనా కొనగలరు.

మోఖా రేవు నుంచి అరకు దాకా

మోకా అన్న పేరు యెమెన్ దేశంలోని మోఖా రేవుది. ఒకప్పుడు లోకానికి కాఫీ గింజలు ఎగుమతి అయింది అక్కణ్ణుంచే. పదిహేడవ శతాబ్దంలో హజ్ యాత్ర ముగించుకు వస్తూ బాబా బుదన్ అనే సూఫీ ఏడు గింజలు రహస్యంగా తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని మన దేశంలో ఐతిహ్యం. ఆయన ఆ గింజలు తెచ్చింది కూడా మోఖా నుంచేనంటారు. అంటే ఇటలీ పాత్రకూ, మన కాఫీ తోటకూ పుట్టిల్లు ఒకటేనన్నమాట.

1942 చట్టంతో ఏర్పడిన కాఫీ బోర్డు రైతు పండించిన కాఫీనంతా తానే సేకరించి అమ్మేది. 1990లలో ఆ నిబంధన సడలుతూ వచ్చి 1996లో పూర్తిగా పోయింది. మన తూర్పు కనుమల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి మిరియాల తీగలు పాకించి, కింద అరబికా కాఫీ పండిస్తున్నారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి పంట కొంటుంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. విశాఖలో పనిచేసిన మిత్రులకు ఆ కొండలు చూసినవే. ఆ రోజుల్లో మనం అరకు వెళ్ళింది బొర్రా గుహల కోసం, రైలు సొరంగాల కోసం. ఆ చెట్ల కింద ఏం పండుతోందని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక అసలు సంగతి

2022 కార్తీక మాసంలో మా ఆవిడ స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. మరునాడు ఉదయం ఐదున్నరకు నేను లేచి అలవాటు చొప్పున వరండాలో కూర్చుని పేపరు తీశాను. కాఫీ రాలేదు. అప్పుడు తెలిసింది. 1974లో ఉద్యోగంలో చేరి 2009లో విరమణ చేసేదాకా, ఆ తరువాత కూడా, నా చేతికి కాఫీ ఎలా వచ్చేదో నేను ఒక్కనాడూ చూడలేదు. ఫిల్టరులో పొడి ఎంత వేయాలో, రాత్రే డికాషను దించి పెడుతుందో, తెల్లవారుజామున లేచి దించుతుందో కూడా తెలియదు. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళలో ప్రతి కాగితానికీ లెక్క చెప్పిన మనిషిని నేను.

మెల్బోర్న్ నుంచి వస్తూ మా అబ్బాయి ఇచ్చిన మోకా పాత్ర అటక మీద డబ్బాలోనే ఉంది. అప్పట్లో దాన్ని చూసి మా ఆవిడ, "మోకాలి నొప్పులు చాలవన్నట్టు ఇంట్లోకి మోకా కూడానా?" అని అటకెక్కించింది. దాన్ని దించాను. మొదటి వారం నేను చేసిన తప్పులన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీకు పనికి రావచ్చు.

మొదటి తప్పు, మా ఇంట్లో ఉన్న చికోరి కలిపిన పొడి వేశాను. మన చట్టం ప్రకారం మిశ్రమంలో 49 శాతం దాకా చికోరి ఉండవచ్చు. ఫిల్టరుకు అది బాగుంటుంది గానీ మోకాలో నాకు జిగటగా, చేదుగా వచ్చింది. చికోరి లేని పొడి, రవ్వ కంటే మెత్తగా, పిండి కంటే గరుకుగా మర పట్టించుకోవాలి. రెండో తప్పు, ఫిల్టరులో లాగా పొడిని అదిమి నొక్కాను. నొక్కకూడదు. గిన్నె నిండా వేసి వేలితో సమం చేస్తే చాలు. మూడోది, నీళ్ళు పక్కనున్న చిన్న వాల్వు మునిగేదాకా పోశాను. అది ప్రమాదం. నీటిమట్టం వాల్వుకు కిందే ఉండాలి. నాలుగోది, మంట పెద్దది పెట్టి పేపరు చదువుతూ కూర్చున్నాను. సన్నటి సెగ మీదే పెట్టి, గుడగుడ శబ్దం మొదలవగానే దించేయాలి. ఆ తరువాత వచ్చేదంతా చేదే. అల్యూమినియం పాత్ర ఇండక్షన్ స్టవ్వు మీద పనిచేయదని కూడా అప్పుడే తెలిసింది.

ఐదోది నవ్వులాట. డబ్బా మీద 'మూడు కప్పులు' అని ఉంటే, పరామర్శకు వచ్చిన మరదలికీ, తోడల్లుడికీ, నాకూ సరిపోతుందని ధీమాగా పెట్టాను. మొత్తం కలిపి నూటముప్పై మిల్లీలీటర్లు దిగింది. వాళ్ళ కప్పు లెక్క వేరు!

పాల విషయంలో మన అలవాటు పాలను పొంగించడం. కాచిన పాలనే చల్లార్చి, మళ్ళీ మరగనివ్వకుండా గిన్నె అంచు చేతికి చురుక్కుమనేదాకా, అంటే సుమారు అరవై డిగ్రీలు, వేడిచేస్తే చాలు. అప్పుడే పాలు తియ్యగా ఉంటాయి. ఆవిరి గొట్టం లేదు గనుక మజ్జిగ చిలికే చిన్న కవ్వంతో అర నిమిషం గిలక్కొడతాను. నురగ బుడగలు పెద్దవైతే గిన్నెను గట్టు మీద రెండుసార్లు తట్టాలి. నలభై మిల్లీలీటర్ల కాఫీ, నలభై మిల్లీలీటర్ల పాలు. స్పెయిన్‌వాడి కోర్తాదో అదే, మన బై టూ అదే. చక్కెర మీ వైద్యుడి మాట ప్రకారం.

ఎనిమిదో రోజున కాఫీ కుదిరింది. రెండు చిన్న గాజు గ్లాసుల్లో పోసి, ఒకటి తీసుకెళ్ళి ఆవిడ ఎడమ చేతికిచ్చాను. రెండు గుటకలు వేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఏమండీ, మంచం మీద కూర్చుని కాఫీ తాగడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి" అంది. దెప్పిపొడిచినట్టు కాదు, మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ గుటక చాలాసేపు గొంతులోనే ఉండిపోయింది.

కట్టు విప్పి మూడేళ్ళు దాటింది. ఆవిడ చెయ్యి బాగానే ఉంది. ఉదయం ఐదున్నర కాఫీ మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. సాయంత్రం ఫిల్టరు కాఫీ ఆవిడది. క్యాంటీనులో నాతో సగం పంచుకున్న మిత్రుడు ఇప్పుడు లేడు. ఆ సగం ఇప్పుడు ఇంట్లో పంచుకుంటున్నాను.

మిత్రులారా, మిలాన్‌లోనూ టూరిన్‌లోనూ ఎందరో పెద్దమనుషులు పేటెంట్లు తీసుకున్న చరిత్ర ఇది. ఆ కాఫీని ఇళ్ళలో రోజూ కాచి ఇచ్చినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. మన ఇళ్ళలోనూ అంతే. పదవీ విరమణ ఉత్తర్వు మనకు వచ్చింది గానీ, వంటింటికి రాలేదు. వీలైతే రేపు ఉదయం మీరు ముందు లేవండి. ఫిల్టరైనా సరే, మోకా అయినా సరే. మొదటి వారం పాడైపోతుంది. కంగారు పడకండి, ఎనిమిదో రోజుకు కుదురుతుంది.